రెప్ప కింద రంగు

మొన్న బేతంచెర్ల స్టేషను ముందరి టీ బంకులో కూర్చుని ఉంటే పక్క బల్ల మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"తుత్తం తాత పోయినాడంట గదప్పా. వేంపల్లెలో, కూతురింట్లో."

"యా తుత్తం తాత?"

"అదే, సొంత మందకు మైలుతుత్తం పెట్టి సంపుకున్న్యాడే, ఆ గొర్రెలాయన."

"ఓ, ఆయప్పనా! పాపం."

పాపం అంటూనే ఇద్దరూ కాస్త నవ్వుకున్నారు. చెడ్డ నవ్వేం కాదు. పోయినవాడి తెలివితక్కువతనం గుర్తొస్తే మనుషులు నవ్వే మామూలు నవ్వు. నా చేతిలో టీ చల్లారిపోయింది. నేను కోపిష్టినని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. కరెంటోళ్ల మీద, బస్సు డిపో మీద, రేషను బియ్యంలో రాళ్ల మీద, దేని మీదైనా లేచి నాలుగు మాటలు అనకపోతే నాకు అన్నం అరగదు. ఆ రోజు మాత్రం నోరు పెగల్లేదు. ఆ తుత్తం అనే పేరు ఆయనది కాదు, నాది. పన్నెండేళ్లు ఆయన మోశాడు, నేను మోయనిచ్చాను. ఎట్లా జరిగిందో చెప్పగలిగినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. రాస్తే చదివినవాళ్లు దాని ముందర మళ్లీ తుత్తం తగిలిస్తారు.

ఆయన్ని మొదటిసారి చూసినప్పుడు ఆయన నా కంట్లో వేలు పెట్టాడు. నేనప్పుడు మా ఊరి పక్క బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషను మీద పని చేసేవాణ్ని. రాతి నలుసు పడి కన్ను నలుపుకుంటూ గేటు బయట కూర్చుని ఉంటే, మందను తోలుకుపోతున్న మనిషి ఆగి, చెప్పాపెట్టకుండా బొటనవేలితో నా కింది రెప్పను లాగి లోపలికి తొంగి చూశాడు. ఆ వేలు గొర్రెవాసన కొట్టింది.

"నలుసు పోయిందప్పా. గానీ నీకు రక్తమే లేదే! ఏం తింటాండావు?"

"నేనేమన్నా గొర్రెనా?" అని చెయ్యి తోసేశాను.

"గొర్రెనైతే అడగను. రెప్ప చూస్తే అయిపాయ. మనిషి గదా, అబద్ధం చెప్తాడు. దానికే రెండూ చేస్తా. చూస్తా, అడుగుతా."

ఆయన పలకరింపే అది. మనం చేతులు జోడించినట్టు ఆయన రెప్ప లాగేవాడు. లోపల ఎర్రగా ఉంటే "మేలుండావు" అని వదిలేసేవాడు. పల్చగా గులాబీరంగుకు దిగితే నాలుక చప్పరించేవాడు. తెల్లగా ఉంటే కడుపులో పురుగులన్నా ఉండాలి, మేత అన్నా చెడి ఉండాలి. ఆయన లెక్కలో జీవాలకైనా మనుషులకైనా ఈ మూడు రంగులే. ఒకసారి బస్సులో కండక్టరు టికెట్టు కోసం వంగితే ఆయన రెప్ప లాగి చూసి, "బస్సు దిగి రొండు దినాలు పండుకోప్పా" అన్నాడు. కండక్టరు తిట్టాడు. వారం తిరక్కుండా ఆ కండక్టరు కళ్లు పచ్చబడి, కామెర్లని తెలిసింది. మా ఇంటికి వచ్చినప్పుడు మా ఆవిడను మాత్రం తాకేవాడు కాదు. గడప అవతలే నిలబడి, "నువ్వే లాగి సూపీ తల్లీ" అనేవాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ రెప్ప లాగి చూపించేది. "ఈ తల్లికి కొర్రలూ బెల్లమూ పెట్టు. నువ్వు పాత కాగితాలు కొనేది తగ్గించు" అని నాకు చెప్పిపోయేవాడు.

రెండో అలవాటు నాలుక. గొర్రె తిన్నదల్లా ఆయన నోట్లో వేసుకునేవాడు. గరిక, రేగాకు, తుమ్మకాయ, ఆఖరికి మన్ను. చేతిలో చిటికెడు మన్ను తీసుకుని, రాళ్లు ఊది, నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేవాడు. "గొర్రె తినేది నేను తినకపోతే దాని కష్టం నాకేం తెలుస్తాది?" అనేవాడు. ఎరువు కోసం రైతులు మందను తమ చేలల్లో ఆపుకుంటారు కదా, అట్లా ఒకాయన చేలో మంద దింపిన కొన్నాళ్లకు గొర్రెలు పాత ఎముకలు వెతుక్కుని నమలడం మొదలుపెట్టాయి. ఈయన ఆ చేను మన్ను రుచి చూసి, పోయి ఆ రైతుతో చెప్పాడు.

"నీ చేను చప్పగుండాది రెడ్డీ."

"చప్పగుంటే ఉప్పేసుకోని తిను! నా చేను నీకు సంగటి అనుకుంటివా?"

"నేను తినకపోయినా పర్వాలేదు. నీ సేన్లో మొలిచిన గడ్డిలో ఎముకకు కావాల్సింది లేదంటాండా. నీ ఎద్దులు గూడా గోడలు నాకుతాండాయేమో సూసుకో."

ఆ ఎద్దులు నిజంగానే గోడలు నాకుతున్నాయి. భాస్వరం అనే మాట ఆయనకు తెలియదు. ఆ మాట తెలిసిన ఆఫీసర్లు మా నేల మన్ను గుడ్డసంచుల్లో కట్టుకుని జీపులో పట్టుకుపోయారు. ఫలితం ఇంతవరకూ రాలేదు. ఆ సంచులు ఏ బల్ల కింద పడి ఉన్నాయో వాళ్లకే తెలియాలి.

ఇక నా సంగతి కొంచెం చెప్పాలి. నాది అయిదో తరగతి. మిగిలిన చదువంతా స్టేషను వీధిలో తూకానికి అమ్మే పాత కాగితాల్లో దొరికిందే. అట్టల్లేని పుస్తకాలు, సగం పత్రికలు, ఎవరో పారేసిన పాఠాలు. దొరికింది దొరికినట్టు చదివేవాణ్ని. చదివినకొద్దీ కోపం పెరిగింది. కోపం పెరిగినకొద్దీ అర్జీలు రాశాను. ముఖ్యంగా తెల్లనీళ్ల మీద. బండలను కోసేటప్పుడు, పాలిష్ పట్టేటప్పుడు మిషను కింద నుంచి పాలలాంటి నీళ్లు పోతాయి. అది రాతి పిండి. ఫ్యాక్టరీవాళ్లు గుంత తీసి అందులో ఆరబెట్టాలి. తీయలేదు. వంకలోకి వదిలేశారు. ఆ వంక పక్కనే ఊరి మేత పొలం. ఎండితే ఆ పిండి గాలికి లేచి గరిక మీద పడేది. ఎండాకాలంలో మా మేత పొలం సున్నం కొట్టిన గోడలా ఉండేది. ఆ పిండి నేను పట్టిన మిషను నుంచి వచ్చిందే. పగలు పిండి చేసి, సాయంత్రం దాని మీద అర్జీ రాసేవాణ్ని. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆ పొలంలోనే ఆయన మంద మేసేది. ఒక ఏడాది ఈతకు పుట్టిన గొర్రెపిల్లలు పడిపోవడం మొదలైంది.

పుట్టినప్పుడు బాగానే ఉండేవి. పాలు తాగేవి, గెంతేవి. రెండు మూడు వారాలకు వెనక కాళ్లు ఊగేవి, కల్లు తాగినవాడి నడకలా. ఇంకొన్నాళ్లకు కుక్క కూర్చున్నట్టు చతికిలబడేవి. కళ్లలో వెలుగు ఉండేది, ఆకలి ఉండేది, తల్లి పిలిస్తే అరిచేవి. నడుం నుంచి కిందికి మాత్రం కాళ్లు మాట వినేవి కావు. ఆయన తన తువ్వాలును పిల్ల కడుపు కింద వేసి రెండు కొసలూ పైకి పట్టుకుని వెనక భాగాన్ని ఎత్తి నడిపించేవాడు. ముందు కాళ్లు పిల్లవి, వెనక కాళ్లు ఆయనవి. అట్లా ఒక్కొక్కదాన్నీ తల్లి పొదుగు దాకా నడిపించి, తాగినంతసేపూ వంగే నిలబడేవాడు. ఆ వయసులో ఆ నడుం ఎట్లా తట్టుకుందో.

ఊళ్లో దిష్టి అన్నారు, మొక్కు తప్పావన్నారు. ఆయన వంక పక్క గరిక నమిలి ఉమ్మేసి నాతో అన్నాడు.

"గడ్డిలో ఏందో తక్కువైందప్పా. లేకుంటే ఏందో ఎక్కువై, ఆ తక్కువదాన్ని తినేస్తాండాది."

"గడ్డిని గడ్డి తింటాదా అన్నా?" అని నేను నవ్వాను.

"నవ్వుకో. సూడి గొర్రెల్ని తీస్కపోయి రొండు నెలలు అహోబిలం దిక్కు కొండ గడ్డి మేపితే పిల్లలు నిలబడ్తాయి. నా నాలిక్కి తెలుసు. గానీ మీ వదినకు కాలిరిగి మంచాన పడె. ఆమెను ఇడిసిపెట్టి యాడికి పోదును?"

అప్పుడే నాకు ఆ పుస్తకం దొరికింది. ముందు పేజీలు లేవు, పశువుల జబ్బుల మీద ఎవరో పంతులు రాసింది. అందులో గొర్రెపిల్లల వెనక కాళ్లు ఊగడం గురించి ఉంది. కారణం మేతలో రాగి చాలకపోవడం అని ఉంది. నేను పరుగెత్తినట్టు దొడ్డికి పోయి చదివి వినిపించాను.

"రాగంటే, సెంబు రాగేనా?"

"అదే."

"గడ్డిలో సెంబు యాడుంటాదప్పా!"

"కంటికి కనపడనంత ఉంటుందన్నా. అది చాలకనే ఈ తిప్పలు. మైలుతుత్తంలో ఉండేది రాగే. ఉప్పులో చిటికెడు కలిపి పెట్టాలంట."

ఆ నీలం పలుకులు ఆయనకు కొత్తేం కాదు. వానాకాలం గిట్టలు కుళ్లితే నీళ్లలో కలిపి గొర్రెల కాళ్లు అందులో ముంచేవాడు. "కాళ్లు కడిగేదాన్ని కడుపులోకా?" అని చాలాసేపు ఆలోచించాడు.

"అచ్చులో ఉందన్నా."

"అచ్చులో ఉండాదా." చదువురాని మనిషి, అచ్చు మీద గౌరవం. అంతకంటే నా మీద గౌరవం. "అట్లయితే నువ్వే కలిపి ఇయ్యి. నా చెయ్యి మోటుది."

నేనే కలిపాను. పుస్తకంలో చెప్పిన కొలత ప్రకారమే, చూడి గొర్రెలకే. విరిగిన నాపబండ ఒకటి దొడ్డిలో పరిచి, దాని మీద ఉప్పు పెట్టాడు. గొర్రెలు నాకాయి. తర్వాతి ఈతకు పిల్లలు నిలబడ్డాయి.

ఆ రోజు మరచిపోలేను. నెల నిండిన పిల్లను భుజాన వేసుకుని ఆయన ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చాడు. మిషను ఆపి బయటికి వచ్చాను. పిల్లను కింద వదిలాడు. అది నాలుగు కాళ్ల మీద నిలబడి, ఒళ్లు విదిలించుకుని, లారీకి ఎక్కించడానికి పేర్చిన బండల మీదికి ఒక్క దూకు దూకింది. హమాలీలంతా ఈలలు వేశారు.

"నీ అచ్చు గెల్చిందప్పా!" అన్నాడు. నా రెప్ప లాగి చూశాడు. "ఈపొద్దు నీ కంట్లో గూడా రక్తం శానా ఉండాది."

ఉండదా మరి. అయిదో తరగతి వాణ్ని, డాక్టర్లు లేని చోట జబ్బు కుదిర్చాను. తల మీద కొమ్ములు మొలిచాయి.

కొన్నాళ్లకు ఆయన అడిగాడు: "పిల్లలు నిలబడె గదా. ఇంగ తుత్తం సాలిద్దామా?"

"ఎట్లా చాలిస్తావన్నా? వంకలో తెల్లనీళ్లు ఆగాయా? గడ్డి మారిందా? గడ్డి మారనప్పుడు లోపం ఉన్నట్టే కదా. చూడివాటికే ఏంటికి, మందంతటికీ పెట్టు. ఏడాది పొడుగునా పెట్టు."

ఈ ముక్క పుస్తకంలో లేదు, నా తెలివే. ఆయన అట్లాగే పెట్టాడు. నెల గడిచాక మళ్లీ వచ్చి తల గోక్కున్నాడు.

"గొర్రెలు బండ కాడికి రాకుండా ఉండాయప్పా. ముఖం తిప్పుకోని పోతాండాయి. వద్దంటాండాయేమో."

"వాటికేం తెలుసు? చేదుకు తిప్పుకుంటున్నాయి. శెనగచెక్క పొడి కలుపు, అవే తింటాయి."

ఆయన నన్ను కాసేపు చూశాడు. రెప్ప లాగలేదు, ఊరికే చూశాడు. నలభై ఏళ్లు గొర్రె వద్దన్నదాన్ని ఎప్పుడూ పెట్టని మనిషి. తలూపి వెళ్లిపోయాడు. చెక్క కలిపాడు. అవి తిన్నాయి.

తొలకరి వానలు పడ్డాక ఒక పొద్దున ఫోను చేశాడు. "ఒగపాలి రాప్పా. ఒగ రంగు సూడాల."

మందకు ముందు నడిచే గొర్రె ఒకటుండేది, నొసట తెల్లమచ్చది, బొల్లి అని పిలిచేవాడు. అది తల వేలాడేసి నిలబడి ఉంది. ఆయన దాని కింది రెప్పను లాగి పట్టుకున్నాడు. లోపల ఎరుపు లేదు, గులాబీ లేదు, తెలుపు లేదు. పసుపు రాసినట్టుంది. ఆయన మూడు రంగుల్లో లేని రంగు. అది పోసిన మూత్రం బెల్లం పాకం రంగులో నేల మీద నిలిచింది. మధ్యాహ్నానికి బొల్లి చచ్చిపోయింది. పది రోజుల్లో దాని వెనక పద్దెనిమిది పోయాయి. ప్రతి దాని రెప్పనూ ఆయన లాగి చూశాడు. నన్ను చూడమనలేదు.

ఎన్నాళ్లుగానో ఖాళీగా ఉన్న పశువుల ఆసుపత్రికి ఆ నెలే ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, కానీ పని తెలిసిన పిల్ల. చచ్చిన గొర్రెను అక్కడే కోయించి చూసింది. లోపలంతా పసుపు. మూత్రపిండాలు తుపాకీ గొట్టం రంగులో నల్లబడ్డాయి. "ఏం పెట్టారు పెద్దాయనా వీటికి?" అంది. ఆయన ఉప్పుబండ తెచ్చి ముందర పెట్టాడు. చెక్కపొడి సందుల్లో నీలం పలుకులు మెరిశాయి.

"మైలుతుత్తమా! ఎవరు చెప్పారు నీకు?"

ఊళ్లోవాళ్లు ఇరవై మందిదాకా చుట్టూ ఉన్నారు. నేను ఆయన పక్కనే, జేబులో పెన్నుతో నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. మాట రావడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాస్తలో ఆయన అనేశాడు.

"నేనేనమ్మా. కాళ్లు కడిగేది గదా, కడుపుకు గూడా మంచిదే అనుకుంటి."

డాక్టరమ్మకు కోపం వచ్చింది. రావాల్సిందే. "గొర్రె కాలేయం రాగిని దాచుకుంటుంది పెద్దాయనా, బయటికి వదలదు. ఎద్దు తట్టుకున్నంత గొర్రె తట్టుకోదు. చాలకపోతే పిల్లలు పడిపోతాయి, నిజమే. ఎక్కువైతే తల్లులే పోతాయి. అవసరమైన నాలుగు నాళ్లు పెట్టి ఆపాలి. తెలియకపోతే కనీసం చదువుకున్నవాళ్లను అడగొద్దా? ఇదిగో, ఈయన పక్కనే ఉన్నాడే, అర్జీలు రాసేది ఈయనే కదా? ఈయన్నన్నా అడగాల్సింది!"

ఆయన నా వైపు తిరగలేదు.

"అవునమ్మా. అడగాల్సింది."

అంతే అన్నాడు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. పన్నెండేళ్ల తర్వాత ఇదిగో ఇప్పుడు తెరుస్తున్నాను.

డాక్టరమ్మ వంక పక్క గడ్డి పీకి వేళ్ల మధ్య నలిపి చూసింది. ఆ రాతి సున్నం నేలలో కలిస్తే గడ్డికి రాగి సరిగా అందదని, అందిన కాస్తా ఆ పిండితో పాటు కడుపులోకి పోతే గొర్రెకు ఒంటబట్టదని చెప్పింది. ఏదో ఎక్కువై తక్కువదాన్ని తినేస్తోందని ఆయన నాలుక చెప్పినమాటే, చదువు భాషలో. "నేను పైకి రాస్తాను, మీ ఊరి నుంచి కూడా అర్జీ రావాలి. ఆపకుండా రాస్తూ ఉండాలి" అంది. అందరూ నా వైపు చూశారు.

ఇంటికి పోయి ఆ పుస్తకం తీశాను. పేజీ చిరిగిపోయి ఉంటే ఎంత బాగుండు! చిరగలేదు. నేను చదివి ఆపిన పేజీకి వెనకవైపే, రాగి ఎక్కువైతే గొర్రెలు ఎట్లా చస్తాయో వివరంగా ఉంది. రెప్ప కింద పసుపు అని కూడా ఉంది. కావాల్సింది దొరికిందని నేను పేజీ తిప్పలేదు.

మర్నాడు పోయి అడిగాను. "ఏంటికన్నా అట్లా చెప్పినావు?"

ఆయన మిగిలిన గొర్రెలకు నీళ్లు తోడుతున్నాడు. "యాదో ఒగటి చెప్పాల గదా" అని, బొక్కెన కింద పెట్టి, తడి బొటనవేలితో నా రెప్ప లాగి చూశాడు. "రాత్రి పండుకోలేదే నువ్వు. పో, ఇంత తిని పండుకో." ఇంక ఆ మాట ఎత్తనివ్వలేదు.

తుత్తం తాత అనే పేరు నెల తిరక్కుండా అతుక్కుంది. గొర్రె కాస్త దగ్గినా ఆయన్ను పిలిచి రెప్ప చూపించుకున్నవాళ్లు పిలవడం మానేశారు. సంతలో ఆయన చిటికెడు మన్ను తీస్తే, "సూసుకో తాతా, అండ్ల తుత్తముంటాదేమో!" అని అరిచేవాళ్లు. ఆయన నవ్వి మన్ను నాలుక మీద వేసుకునేవాడు. నేను అక్కడ ఉంటే వేరే సందులోకి తిరిగేవాణ్ని.

అప్పటి నుంచి నేను అర్జీలు రాయడం మానేశాను. ఏ ముఖం పెట్టుకుని రాయను? ఇంకొకడి తప్పు రాయబోతే ఆ బండ మీది నీలం పలుకులు కళ్ల ముందర మెరిసేవి. ఊళ్లోవాళ్లతో మాత్రం పంపుతున్నానని చెప్పేవాణ్ని. వాళ్లు నమ్మారు. జవాబు రాకపోవడం మా ఊరికి అలవాటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

వదిన పోయాక ఆయన మిగిలిన మందను తోలుకుని వేంపల్లెకు, కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అల్లుడూ కూతురూ గొర్రెలే మేపుతారు. ఏడాదికొకసారన్నా నేను బస్సెక్కి పోయేవాణ్ని. పోయినప్పుడల్లా ఒకటే వరస. రెప్ప లాగేవాడు, అడిగేవాడు.

"తెల్లనీళ్లు ఆగినాయా?"

"లేదన్నా."

"రాస్తాండావా?"

"రాస్తాండా."

ఆయన బొటనవేలు నా రెప్ప మీద ఇంకొంచెంసేపు ఉండేది. చూసేవాడు, అడిగేవాడు, మళ్లీ చూసేవాడు. పోయిన వేసవిలో చివరిసారి చూసినప్పుడు మంచం మీద నుంచి లేవలేదు. నేనే వంగి ముఖం దగ్గరికి పెట్టాను. తడుముకుంటూ రెప్ప దొరికించుకున్నాడు. "మేలుండావు" అన్నాడు. "ఇంగా శానా రాయొచ్చు."

టీ బంకులో ఆ మాట విన్న రోజే వేంపల్లె బస్సెక్కాను. దినాలు ఇంకా కాలేదు. కూతురు గొర్రెల దొడ్డి గడప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి ఏడ్చింది. నీళ్లిచ్చింది. నేను చెంబు అట్లాగే పట్టుకుని చెప్పేశాను.

"అమ్మా, ఆ తుత్తం పెట్టమన్నది నేను. మీ నాయన కాదు. చాలిద్దామంటే వద్దన్నది గూడా నేనే."

ఆమె కళ్లు తుడుచుకుంది. "తెలుసు చిన్నాయనా."

"తెలుసా?"

"ఆ పొద్దు ఇంటికొచ్చి అమ్మకు చెప్పినాడంట. అమ్మ శానా తిట్టిందంట, పరువంతా ఏట్లో కలుపుకుంటివి, ఆయప్పేమో నీ పక్కన గుంజ మాదిరి నిలబడె అని. నాయన ఏమన్యాడో తెలుసా? 'ఊరందరి ముందర ఆయప్ప మాట పోతే, రేపు తెల్లనీళ్ల మీద రాసిన కాగితం ఎవురు నమ్ముతారే? నాకు రాయను రాదు. గొర్రెలకు మాట రాదు. మా ఇద్దరి తరపున రాసేటోడు ఆయప్ప ఒక్కడే ఉండాడు. నా పేరు పోతే గొర్రెలకేం నష్టం లేదు' అన్యాడంట."

గడప మీద కూర్చున్నాను.

"కడదాకా అదే చెప్పేటోడు చిన్నాయనా. ఎవురొచ్చినా, మా ఆయప్ప ఇంగా రాస్తానే ఉండాడు, ఇడిసిపెట్టల్యా అని."

నేను పన్నెండేళ్లుగా ఒక్క అక్షరం రాయలేదని ఆమెకు చెప్పలేకపోయాను. ఆ మాట ఇక్కడ చెబుతున్నాను. ఆయనకు తెలిసే ఉంటుంది. రెప్ప చూసి కామెర్లు కనిపెట్టినవాడికి అబద్ధం కనిపెట్టడం కష్టమా? తెలిసీ ప్రతి ఏడాదీ అడిగాడు. రాస్తాండావా, రాస్తాండావా అని.

వచ్చేముందు ఆమె దొడ్డిలోకి పిలిచింది. ఆ ఉప్పుబండ అక్కడ ఉంది. మా ఊరి నాపబండే. వేంపల్లె దాకా మోసుకుపోయాడు. మధ్యలో గొర్రెల నాలుకలకు అరిగి దోసిలిలా గుంతపడింది. దాని మీద తెల్లగా ఉత్త ఉప్పు ఉంది. ఒక చూడి గొర్రె వచ్చి రెండుసార్లు నాకి, చాలనుకుని ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది. ఆమె దాన్ని వెళ్లనిచ్చింది.

నిన్న పొద్దున వంక దాకా నడిచాను. గుంత ఇంకా తీయలేదు. నీళ్లు తెల్లగానే పోతున్నాయి. ఎవరివో ఒక ముప్పై గొర్రెలు ఆ గరికే మేస్తున్నాయి. ఒక పిల్ల వెనకబడి ఉంది. వెనక కాళ్లు ఊగుతున్నాయేమోనని చాలాసేపు చూశాను. దూరం నుంచి తెలియలేదు. గరిక పోచ ఒకటి తుంచి నోట్లో పెట్టుకున్నాను. నాలుకకు సున్నం తగిలింది, ఇంకేమీ తెలియలేదు. ఆ నాలుక ఆయనతోనే పోయింది.

ఇంటికి వచ్చి అద్దం ముందర నిలబడి, బొటనవేలితో కింది రెప్ప లాగి చూసుకున్నాను. ఎర్రగానే ఉంది.

ఆయన సంగతి ఇక్కడితో అయింది. ఇంకొక కాగితం తీసుకున్నాను. పైన మా ఊరి పేరు రాశాను, తేదీ వేశాను, 'విషయం' అని రాసి, పక్కన 'మేత పొలంలోకి వదులుతున్న తెల్లనీళ్లు' అని రాశాను. కింద సంతకాల దగ్గర మొదటి గీత ఆయన కోసం ఖాళీగా వదిలి, నా పేరు రెండో గీత మీద రాశాను.